ఈరోజు మూడ్‌కి ఏ వైట్ వైన్? తరచుగా అడిగే ప్రశ్నలు

తెలిసినవాళ్ళు తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు, ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పలేక ఇక అన్నీ ఒకచోట రాసి పెట్టేస్తున్నా. నేనేమీ పెద్ద ఎక్స్‌పర్ట్‌ని కాదు, తాగి చూసి తప్పులు చేసి కాస్త చదువుకుని నేర్చుకున్నదే ఇదంతా. తాగడానికి చట్టం పెట్టిన వయసు ఇంకా రానివాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, ఆల్కహాల్‌తో పడని మందులు వాడుతున్నవాళ్ళు, కాసేపట్లో బండి నడపాల్సినవాళ్ళు చదవండి గానీ తాగకండి.

మూడ్‌ని బట్టి వైన్ అనేది నిజంగా ఉందా, లేక అంతా సోదేనా?

సగం నిజం, సగం సోది. ఈ ద్రాక్షతో ఆనందం వస్తుంది, ఆ ద్రాక్షతో ప్రశాంతత వస్తుంది అని చార్టులు కనిపిస్తుంటాయి చూడండి, అవి నమ్మకండి, ఏ ద్రాక్షలోనూ అలాంటి మహిమేమీ లేదు, అన్నిట్లో ఉన్న ఆల్కహాల్ ఒకటే. కానీ మన మనసు ఉన్న స్థితిని బట్టి అదే వైన్ వేరేగా తెలియడం మాత్రం నిజం. ఏడ్రియన్ నార్త్ అనే సైకాలజిస్ట్ స్టడీ ఒకటి 2012లో అచ్చయింది, అందులో ఒకే వైన్‌ని వేర్వేరు సంగీతాలు వినిపిస్తూ తాగించారు, బరువైన సంగీతం విన్నవాళ్ళు వైన్ బరువుగా ఉందన్నారు, హుషారైన పాట విన్నవాళ్ళు అదే వైన్ హుషారుగా ఉందన్నారు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో చేసిన, 2001లో వచ్చిన ప్రయోగం ఇంకా తమాషా, వైట్ వైన్‌లో రుచీ వాసనా లేని ఎర్ర రంగు కలిపి 54 మంది వైన్ స్టూడెంట్లకి ఇస్తే ఎక్కువగా రెడ్ వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. అంటే నాలుక ఒక్కటే తాగట్లేదు, బుర్ర కూడా తాగుతోంది.

నా సంగతే చెప్తా. ఒకరోజు మధ్యాహ్నమంతా ఎండలో తిరిగి చిర్రెత్తిపోయి ఇంటికొచ్చి, దాచుకున్న షార్డొనే అనే ద్రాక్ష వైన్ తెరిచా, ఓక్ చెక్క పీపాల వాసన బాగా పట్టిన రకం. చెక్కపేడు నాకినట్టుంది. మూత బిగించి ఫ్రిజ్‌లో పడేశా. రెండ్రోజుల తర్వాత సాయంత్రం వాన పడుతోంది, పని ఏమీ లేదు, అదే సీసా తీస్తే ఎంత కమ్మగా ఉందో, మొన్న నన్ను తిట్టిన వైన్ ఇదేనా అనిపించింది. సీసా మారలేదు, నేనే మారా.

మరి మూడ్‌తో పాటు వెళ్ళాలా, మూడ్‌కి ఎదురెళ్ళాలా?

అసలు అడగాల్సిన ప్రశ్న ఇదే, దీన్ని మాత్రం ఎవరూ అడగరు. నా లెక్క ఏంటంటే చిరాకు, నీరసం, ఉక్కపోత లాంటి వాటికి ఎదురెళ్ళాలి, అంటే పుల్లగా చల్లగా తేలిగ్గా ఉండేవి. హాయిగా తీరిగ్గా ఉన్నప్పుడు మాత్రం ఆ హాయికి తోడెళ్ళాలి, అంటే మెత్తగా బరువుగా ఉండేవి. బాధ ఉన్నప్పుడు రెండూ కాదు, దాని గురించి కింద విడిగా రాశా.

వైట్ వైన్లన్నీ ఒకేలా ఉంటాయి కదా, అంత తేడా ఏముంటుంది?

మొదట్లో నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ద్రాక్షల పేర్లు బట్టీ పట్టక్కర్లేదు, పులుపు, తీపి, బరువు, వాసన, ఈ నాలుగూ పట్టుకుంటే చాలు.

పులుపు కనిపెట్టడం తేలిక, ఒక గుక్క మింగి నోరు కాస్త తెరిచి తల కొంచెం కిందికి వంచండి, నోట్లో నీళ్ళు ఎంత ఊరితే పులుపు అంత ఎక్కువ. చాలామంది పులుపునీ తీపినీ ఒకే తూకానికి రెండు చివర్లు అనుకుంటారు, కాదు, ఒక వైన్‌లో రెండూ దండిగా ఉండొచ్చు, రీస్లింగ్ అనే ద్రాక్షతో చేసే జర్మన్ వైన్లు అలాంటివే. తీపి నాలుకకి తగిలేదే తీపి, వాసనలో తీపి ఉన్నంత మాత్రాన వైన్ తియ్యగా ఉన్నట్టు కాదు, పండిన పీచ్ వాసన గుప్పున కొడుతూ లోపల చక్కెర అస్సలు లేని వైన్లు బోలెడు. బరువంటే నోట్లో ఎంత చిక్కగా ఆనుతుందో అది, నీళ్ళకీ వెన్న తీయని పాలకీ ఉన్న తేడా అనుకోండి, ఇది ఎక్కువగా ఆల్కహాల్ వల్ల, పీపాల వల్ల, పులిశాక అడుగున మిగిలే ఈస్ట్ మడ్డి మీద ఉంచడం వల్ల వస్తుంది. వాసన సంగతి మీకు తెలిసిందే, కొన్ని గ్లాసు దగ్గరికి తీసుకురాకముందే పలకరిస్తాయి, కొన్ని ముక్కు లోపల పెట్టినా మాట్లాడవు.

ఇంకోటి ఉంది, వగరు. రెడ్ వైన్ తాగితే చిగుళ్ళు పట్టేసినట్టుంటుంది కదా, అది ద్రాక్ష తొక్కలోంచి వస్తుంది. వైట్ వైన్‌కి రసం పిండగానే తొక్క తీసేస్తారు కాబట్టి వగరు దాదాపు ఉండదు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని వివరించడానికి పేరాలు పేరాలు రాస్తారు, మనకి ఒక్క మాటలో అయిపోయింది.

బుర్ర వేడెక్కిపోయి ఉంది, చిరాగ్గా ఉంది. ఏం తీసుకోవాలి?

పుల్లటిది. వేరే ఆలోచన వద్దు. సోవిన్యాన్ బ్లాన్ అనేది ఈ మూడ్ కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు. ముఖ్యంగా న్యూజిలాండ్ మార్ల్‌బరోలో పండేది, గ్లాసులో పోయగానే ప్యాషన్ ఫ్రూట్, గ్రేప్‌ఫ్రూట్, పచ్చి క్యాప్సికమ్, అప్పుడే కోసిన గడ్డి, అన్నీ ఒకేసారి మీదపడతాయి. ఆ పండ్ల వాసనలకి కారణం థయాల్స్ అనే గంధకం ఉన్న పదార్థాలు, క్యాప్సికమ్ వాసనకి పైరజీన్స్, ఇదే పదార్థం నిజం క్యాప్సికమ్‌లో కూడా ఉంటుంది కాబట్టి మీ ముక్కు మిమ్మల్ని మోసం చేయట్లేదు. మార్ల్‌బరోలో పెద్ద ఎత్తున ద్రాక్ష వేయడం 1973లోనే మొదలైంది, అంటే వైన్ లోకంలో నిన్నగాక మొన్న, అయినా ఇవాళ సోవిన్యాన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే.

ఆ గోల ఎక్కువ అనిపిస్తే అదే ద్రాక్ష ఫ్రాన్స్‌లో లువార్ నది దగ్గర సాన్సేర్ పేరుతో వస్తుంది, సుద్దరాయి మీద పండుతుంది, పులుపు అంతే ఉంటుంది గానీ గొంతు తగ్గించి మాట్లాడుతుంది. నాకు వయసు పెరిగే కొద్దీ ఇటే మొగ్గు పెరుగుతోంది.

సోవిన్యాన్ బోర్ కొట్టినవాళ్ళు స్పెయిన్ గలీసియా ప్రాంతపు అల్బరిన్యో చూడండి, సముద్రం పక్కన పండుతుంది, చివర్లో ఉప్పు తగిలినట్టు ఉంటుంది. గ్రీస్‌లో సాంటొరినీ దీవి అసిర్టికో ఇంకా గట్టిది, అగ్నిపర్వతం బూడిద నేలలో పెరుగుతుంది, గాలి తీవ్రంగా వీస్తుంది కాబట్టి అక్కడ తీగల్ని బుట్టలా చుట్టి నేల మీదే పెంచుతారు, పళ్ళ గుత్తులు ఆ బుట్ట లోపల దాక్కుంటాయి. ఎండ అంత మండిపోతున్నా పులుపు వదలని ద్రాక్ష అది, చాలా మొండిది.

పొద్దుట్నుంచి అలిసిపోయా, ఏదీ ఆలోచించే ఓపిక లేదు?

పినో గ్రీజో. ఇటలీ ఉత్తరాన తయారయ్యే మామూలు రకం. పెద్ద వాసన ఉండదు, పెద్ద రుచీ ఉండదు, చల్లగా శుభ్రంగా ఉంటుంది. వైన్ పిచ్చోళ్ళు దీన్ని చప్పన అని ఎగతాళి చేస్తారు కానీ కొన్ని సాయంత్రాలు మనకి కావాల్సింది చప్పనే. అదే ద్రాక్షని ఫ్రాన్స్‌లోని అల్సాస్‌లో పినో గ్రీ అంటారు, అక్కడ బాగా పండనిచ్చి చేస్తారు కాబట్టి చిక్కగా, కొన్నిసార్లు కొంచెం తియ్యగా ఉంటుంది. పేరు దగ్గర దగ్గరగా ఉందని ఒకదాని బదులు ఇంకోటి తెచ్చుకోకండి, నేను తెచ్చుకున్నా.

వాన పడుతోంది, దుప్పటి కప్పుకుని కూర్చున్నా, పనేం లేదు. ఇప్పుడు?

ఇదిగో ఇప్పుడు తీయండి ఓక్ షార్డొనే. దీనికి ఆ కమ్మదనం ఎక్కడిది అనేది తెలిస్తే తాగడం ఇంకా బావుంటుంది. ద్రాక్షలో సహజంగా మాలిక్ ఆమ్లం ఉంటుంది, పచ్చి ఆపిల్లో ఉండే పులుపు అదే. వైన్ తయారయ్యాక ఒక రకం బ్యాక్టీరియా ఈ మాలిక్‌ని లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తుంది, అంటే పెరుగులో ఉండే మెత్తటి పులుపు. ఆ దారిలో డైఎసిటైల్ అనే ఇంకో పదార్థం కూడా పుడుతుంది, వెన్న వాసన అదే. ఆపైన ఓక్ పీపాలో ఉంచితే వనిల్లా, కాల్చిన బ్రెడ్, కొంచెం పొగ వాసన చేరతాయి, పీపా లోపలి చెక్కని నిప్పు మీద కాలుస్తారు కాబట్టి. పీపా కొత్తదైతే ఈ వాసనలు ఎక్కువ, నాలుగైదు సార్లు వాడినదైతే దాదాపు ఏమీ ఉండవు. చిన్న పీపా అంటే వైన్‌కి చెక్క ఎక్కువ తగులుతుంది.

ఫ్రాన్స్ బుర్గుండీ ప్రాంతంలో మెర్సో లాంటి ఊళ్ళ వైన్లు, కాలిఫోర్నియా షార్డొనేలు ఈ స్టైల్‌కి పేరుపడ్డవి. 1976లో పారిస్‌లో లేబుళ్ళు దాచి ఫ్రెంచ్ జడ్జీలతో తాగిస్తే వైట్ వైన్లలో మొదటి స్థానం కాలిఫోర్నియా షాతో మాంటెలెనా 1973 షార్డొనేకి వెళ్ళింది, ఫ్రెంచివాళ్ళు చాన్నాళ్ళు మింగలేక కక్కలేక ఉన్నారు.

ఒక్కటి, దీన్ని ఫ్రిజ్ లోంచి తీసిన వెంటనే తాగకండి. ఇరవై నిమిషాలు బయట పెట్టండి.

నాకు షార్డొనే పడదు. అయినా ప్రయత్నించాలా?

మీకు పడనిది బహుశా ఓక్ అయ్యుంటుంది, షార్డొనే కాదు. ఈ ద్రాక్షకి సొంత గొంతు తక్కువ, ఎవరి చేతిలో పడితే వాళ్ళ మాట మాట్లాడుతుంది. షబ్లీ అని ఉంటుంది చూడండి, బుర్గుండీకి ఉత్తరపు కొస, చలి ప్రదేశం, నేలలో కోట్ల ఏళ్ళ నాటి చిన్న చిన్న ఆల్చిప్పల శిలాజాలు దొరుకుతాయి. అది కూడా నూటికి నూరు షార్డొనేనే, కానీ ఎక్కువ సీసాల్లో చెక్క జాడే ఉండదు, నిమ్మ, పచ్చి ఆపిల్, తడిరాయి, అంతే. లేబుల్ మీద ద్రాక్ష పేరు ఉండదు కాబట్టి చాలామంది "షార్డొనే అంటే అసహ్యం, షబ్లీ ఇవ్వండి" అంటుంటారు. నవ్వకండి, నేనూ అన్నా.

మంచి వార్త వచ్చింది, ఎగిరి గంతేయాలని ఉంది?

బుడగలు. షాంపేన్ అయితే సీసాలోనే రెండోసారి పులియబెడతారు, లోపల ప్రెషర్ 5 నుంచి 6 అట్మాస్ఫియర్లు, కారు టైర్ కంటే రెట్టింపు పైనే. అందుకే బిరడాని గట్టిగా పట్టుకుని సీసా అడుగుని మెల్లగా తిప్పండి, మొహాలకేసి పెట్టకండి, కళ్ళు పోయేంత ప్రమాదం. ప్రొసెక్కోని పెద్ద ట్యాంకుల్లో పులియబెడతారు, గ్లేరా అనే ద్రాక్ష, పియర్ పండు వాసన, సరదాగా ఉంటుంది. స్పెయిన్ కావా షాంపేన్ పద్ధతిలోనే చేస్తారు, మర్యాద మాత్రం తక్కువ దక్కింది పాపం.

ఇక్కడ అందరూ బోల్తా పడే చోటు తీపి పేర్లు. ఎక్స్‌ట్రా డ్రై అని రాసుంటే చక్కెర అస్సలు లేదనుకుంటాం, కానీ అది బ్రూట్ కంటే తీపి. లెక్క ఇలా ఉంటుంది, లీటరుకి చక్కెర బ్రూట్ నేచర్‌లో 3 గ్రాముల లోపు, ఎక్స్‌ట్రా బ్రూట్ 6 లోపు, బ్రూట్ 12 లోపు, ఎక్స్‌ట్రా డ్రై 12 నుంచి 17, సెక్ 17 నుంచి 32, డెమి సెక్ 32 నుంచి 50. ఎవరు పెట్టారో గానీ ఈ పేర్లు, మనల్ని తికమక పెట్టడానికే పెట్టినట్టున్నారు.

సంతోషం పెద్దది కాదు, చిన్నపాటి అల్లరి మూడ్ అయితే ఇటలీ వైన్ మోస్కాతో దాస్తి. తియ్యగా, కొంచెం బుడగలతో, ఆల్కహాల్ 5 శాతం చుట్టుపక్కలే. దీన్ని చిన్నచూపు చూసేవాళ్ళని పట్టించుకోకండి.

మనసు బాలేదు. బాధగా ఉంది. ఏ వైన్ మంచిది?

ఏదీ కాదు. నిజంగానే చెప్తున్నా. ఆల్కహాల్ మెదడుని మందగింపజేసే పదార్థం, మొదటి గ్లాసులో కాస్త తేలికైనట్టు అనిపిస్తుంది, తర్వాత ఆ బాధే ఇంకా కిందికి లాగుతుంది. నిద్ర వస్తుంది కదా అంటారు, త్వరగా పడుతుంది నిజమే, కానీ రాత్రి రెండో సగంలో నిద్ర చెడుతుంది, తెల్లారి ఉసూరుమంటూ లేస్తాం, మొన్నటి బాధకి ఇది అదనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ఆరోగ్యానికి హాని లేని ఆల్కహాల్ మోతాదు అంటూ ఏదీ లేదని స్పష్టంగానే చెప్పింది, ఇష్టంతో కొంచెం తాగేవాళ్ళం కూడా ఆ సంగతి తెలిసి తాగాలి.

నా సొంత రూల్ ఏంటంటే, బావున్న రోజుని ఇంకొంచెం బాగు చేసుకోవడానికి వైన్, బాగోలేని రోజుని దాటడానికి మనిషి. ఫోన్ చేయండి ఎవరికైనా. రోజూ సాయంత్రం అయ్యేసరికి సీసా లేనిదే కుదరట్లేదు అనిపిస్తే అది మూడ్ సమస్య కాదు, డాక్టర్‌తో మాట్లాడాల్సిన సమస్య, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

సరే, నలుగురి మధ్య ఉన్నారు, కాస్త దిగులుగా ఉంది అంతే, చేతిలో ఒక గ్లాసు ఉండాలి అంటే జర్మనీ మోజెల్ లోయ రీస్లింగ్‌లో కాబినెట్ అనే తేలిక రకం తీసుకోండి, ఆల్కహాల్ చాలాసార్లు 8, 9 శాతం దగ్గరే ఆగుతుంది, ఒక్క గ్లాసు, పక్కన నీళ్ళు.

మనసు తేలిపోతోంది, పక్కన ఇష్టమైన మనిషి ఉన్నారు?

అడిగారూ! ఇప్పుడు వాసన ఉన్నవి కావాలి. గెవుర్జ్‌ట్రమినర్, పేరు పలకడానికి నోరు తిరగకపోయినా పర్లేదు, గ్లాసు ముక్కు దగ్గర పెడితే గులాబీలు, లీచీ. లీచీ వాసన ఊహ కాదు, రోజ్ ఆక్సైడ్ అనే పదార్థం ఈ వైన్‌లోనూ ఉంది లీచీ పండులోనూ ఉంది. అల్సాస్‌లో చేసేవి బాగుంటాయి, పులుపు తక్కువ, ఆల్కహాల్ ఎక్కువ, కాబట్టి రెండు గ్లాసులు దాటితే మత్తు తప్ప మాధుర్యం ఉండదు.

వియోన్యే ఇంకో దారి. ఆప్రికాట్, తెల్లపూలు, నోట్లో పట్టులా జారుతుంది. ఫ్రాన్స్‌లో రోన్ నది ఒడ్డున కాంద్రియు దీని సొంతూరు, 1960ల్లో అక్కడ కొద్దిపాటి తోటలు తప్ప ఏమీ మిగల్లేదు, దాదాపు అంతరించిపోయే స్థితి. ఇప్పుడు కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా, అన్ని చోట్లా పండిస్తున్నారు. ఇంత అందమైనది పోయుండేది కదా అనిపిస్తుంది తాగినప్పుడల్లా. మరీ చల్లగా పెడితే రెండూ మూగబోతాయి, ఆ తప్పు చేయకండి.

రీస్లింగ్ అంటే తీపే కదా?

కాదండీ బాబూ. ఎముక అంత పొడిగా, అంటే తీపి అస్సలు తగలకుండా ఉండే రీస్లింగ్ కూడా ఉంది, ఆస్ట్రేలియా క్లేర్ వ్యాలీవి ఎక్కువ అలాంటివే, నిమ్మతొక్క గీరినట్టు. జర్మన్ సీసా మీద ట్రోకెన్ అని ఉంటే పొడిది, హాల్బ్‌ట్రోకెన్, ఫైన్‌హెర్బ్ అంటే మధ్యరకం. ఏమీ లేకుండా కాబినెట్, స్పేట్‌లేజె అని మాత్రమే ఉంటే సాధారణంగా తీపి ఉంటుంది.

జర్మన్ రాకపోతే ఇంకో చిట్కా, ఆల్కహాల్ శాతం చూడండి. ద్రాక్షలో చక్కెర అంతా పులిసి ఆల్కహాల్ అయిపోతే శాతం 12 చుట్టూ ఉంటుంది, 8 దగ్గరే ఆగిందంటే మిగతా చక్కెర సీసాలోనే ఉందన్నమాట. నేను షాపులో నిలబడి చేసే పని ఇదొక్కటే, పక్కవాళ్ళు మాత్రం ఏదో గొప్పగా పరిశీలిస్తున్నాడు అనుకుంటారు.

ఈ చిట్కా మిగతా వైన్లకి కూడా పనికొస్తుందా?

పనికొస్తుంది, కాకపోతే తీపి కోసం కాదు బరువు కోసం. 11, 12 ఉంటే తేలికది, 13 మధ్యరకం, 14 ఉంటే చిక్కనిది, ఓక్ కూడా ఉండే ఛాన్స్ ఎక్కువ. దానికి ఊరి వాతావరణం కలపండి, చలి దేశమైతే పులుపు, ఎండ దేశమైతే పండు. వందకి ఎనభై సార్లు సరిపోతుంది, మిగతా ఇరవై సార్లు మీ అదృష్టం.

స్క్రూ క్యాప్ చూసి నాసిరకం అనుకునే అలవాటు కూడా మానేయండి. 2000 సంవత్సరంలో క్లేర్ వ్యాలీ రీస్లింగ్ తయారీదార్లే కావాలని స్క్రూ క్యాప్‌కి మారారు, బిరడా చెడి తడి అట్టపెట్టె వాసన రావడం భరించలేక.

కొత్తగా, వింతగా ఏదైనా తాగాలనుంది?

ఆరెంజ్ వైన్. నారింజ పండుతో చేసింది కాదు, ఇది మొదట అందరూ పడే పొరపాటు. తెల్ల ద్రాక్షనే తొక్క తీయకుండా పులియబెడితే రంగు కాషాయంలోకి తిరుగుతుంది, రెడ్ వైన్‌లా వగరు వస్తుంది. జార్జియా దేశంలో క్వెవ్రీ అనే పెద్ద మట్టికుండల్ని మెడ దాకా నేలలో పాతిపెట్టి అందులో చేస్తారు, 2013లో యునెస్కో ఆ పద్ధతిని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఎండిన ఆప్రికాట్, టీ డికాక్షన్, అక్రోట్ లాంటి వాసనలు, మొదటి గుక్కకి మొహం అదోలా అవుతుంది, మూడో గుక్కకి ఆలోచనలో పడతారు.

ఇంకా మొండివాళ్ళైతే ఫినో షెర్రీ. స్పెయిన్ హెరెస్ దగ్గర చేస్తారు, పీపాలో వైన్ మీద ఫ్లోర్ అనే ఈస్ట్ తెట్టులా కట్టి గాలి తగలకుండా కాపాడుతుంది. పొడిగా, ఉప్పగా, బాదం పప్పు వాసనతో ఉంటుంది, 15 శాతం ఆల్కహాల్, కాబట్టి చిన్న గ్లాసు. వైన్ నచ్చనివాళ్ళకి ఇది అస్సలు పోయకండి, స్నేహాలు పోతాయి.

పాత రోజులు గుర్తొస్తున్నాయి, ఒంటరిగా కూర్చున్నా, బాధ కాదు గానీ ఏదోలా ఉంది?

ఆ ఏదోలాకి వయసైన వైన్ కావాలి. వైట్ వైన్ నిలవదు అని అందరూ అంటారు, చాలావాటికి అది నిజమే, కొన్నిటికి పచ్చి అబద్ధం. పదేళ్ళు దాటిన రీస్లింగ్‌లో తేనె, ఎండిన పూలు, దాంతోపాటు కిరసనాయిలు వాసన లాంటిది ఒకటి వస్తుంది, టీడీఎన్ అనే పదార్థం వల్ల. చెడిపోయిందని పారబోసినవాళ్ళున్నారు, అయ్యో అనిపిస్తుంది. ఆస్ట్రేలియా హంటర్ వ్యాలీ సెమియోన్ కూడా అంతే, చిన్నప్పుడు 10, 11 శాతం ఆల్కహాల్‌తో నిమ్మనీళ్ళలా ఉంటుంది, పదేళ్ళకి ఓక్ మొహం చూడకుండానే కాల్చిన బ్రెడ్డు, తేనె వాసనలు తెచ్చుకుంటుంది.

తీపి కావాలంటే ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర చేసే సోటెర్న్. శరత్కాలం పొద్దున్నే సిరాన్, గరోన్ నదుల మీంచి పొగమంచు లేస్తుంది, ఆ తేమకి బోట్రైటిస్ అనే బూజు ద్రాక్షకి పడుతుంది, మధ్యాహ్నం ఎండకి పండు ఎండుతుంది, నీరు పోయి చక్కెరా పులుపూ మిగులుతాయి. చూడ్డానికి ఆ గుత్తులు ఎంత అసహ్యంగా ఉంటాయో, వైన్ అంత బంగారం. హంగరీ తోకాయి అసూ కూడా ఈ బూజు పుణ్యమే. చిన్న గ్లాసుతో గంట కూర్చోవచ్చు.

నలుగురం ఉన్నాం, నాలుగు మూడ్లు. ఒకే సీసా అంటే?

లోకో భిన్నరుచిః, అందర్నీ మెప్పించే వైన్ లేదు, ఎవర్నీ నొప్పించనివి మాత్రం ఉన్నాయి. షెనిన్ బ్లాన్ నా మొదటి ఓటు, ఫ్రాన్స్ లువార్ ప్రాంతంలో పుట్టినా ఇప్పుడు ఎక్కువ పండేది దక్షిణాఫ్రికాలో, పులుపూ ఉంది కొంచెం నిండుదనమూ ఉంది. లేదా ఆస్ట్రియా గ్రూనర్ వెల్ట్‌లీనర్, చివర్లో మిరియం ఘాటు తగులుతుంది, ఆ ఘాటుకి కారణమైన రొటుండోన్ నిజం మిరియాల్లో ఉండేదే. ఎటూ తేలకపోతే బ్రూట్ స్పార్క్లింగ్ తెరవండి, బుడగలు చూస్తే ఎవరూ వాదన పెట్టుకోరు.

ఎంత చల్లగా ఉండాలి?

బుడగల వైన్ 6 నుంచి 8 డిగ్రీలు, పుల్లటి తేలికపాటివి 7 నుంచి 10, వాసనవి, ఓక్‌వి 10 నుంచి 13. చలి ఎక్కువైతే వాసన, తీపి దాక్కుని పులుపు ముందుకొస్తుంది. వైన్ బాలేదు కానీ తాగక తప్పట్లేదు అంటే మాత్రం బాగా చల్లబరచండి, లోపాలు కూడా దాక్కుంటాయి. సీసా త్వరగా చల్లబడాలంటే ఐస్ ఒక్కటే సరిపోదు, ఐస్‌లో నీళ్ళు పోసి అందులో ముంచండి.

వైట్ వైన్ తాగితే తలనొప్పి, సల్ఫైట్ల వల్లేనా?

చాలామందికి కాదు. సల్ఫైట్లంటే వైన్ చెడిపోకుండా కలిపే గంధకం పదార్థాలు. వైట్ వైన్లలో సాధారణంగా రెడ్ కంటే సల్ఫైట్లు ఎక్కువే, యూరప్ రూల్స్‌లో కూడా పొడి రెడ్‌కి లీటరుకి 150 మిల్లీగ్రాముల పరిమితి ఉంటే పొడి వైట్‌కి 200. సల్ఫైట్లే కారణమైతే రెడ్ తాగినవాళ్ళకి తక్కువ రావాలి కదా, జనం ఎక్కువగా రెడ్‌నే తిడతారు. ఎండు ఆప్రికాట్లలో అంతకంటే ఎక్కువ ఉంటాయి. ఆస్తమా ఉన్న కొందరికి మాత్రం సల్ఫైట్లు నిజంగానే పడవు, వాళ్ళు జాగ్రత్త. మిగతావాళ్ళకి దొంగ ఎవరంటే ఆల్కహాలే, నీళ్ళు తాగకపోవడమే, ఖాళీ కడుపే. 150 మిల్లీలీటర్ల గ్లాసు 12 శాతంది అయితే అందులో 14 గ్రాముల ఆల్కహాల్, సీసాలో అలాంటి గ్లాసులు ఐదు. చల్లగా తేలిగ్గా దిగిపోతుందని వైట్‌ని లెక్కపెట్టకుండా తాగుతాం, అసలు గొడవ అక్కడ.

తెరిచాక మూడ్ మారిపోతే సీసా ఏం చేయాలి?

మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. మామూలు వైట్ మూడు నుంచి ఐదు రోజులు బానే ఉంటుంది, బుడగలవి గట్టి మూత ఉంటే ఒకటి రెండు రోజులు, సోటెర్న్ లాంటి తీపివి వారం పైనే. నా షార్డొనే సంగతి చెప్పా కదా, రెండ్రోజులు ఆగితే చెక్కపేడు కూడా వెన్న అయింది.